పుల్లల లెక్కా, పలక లెక్కా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక ఊరు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఇద్దరం టీచర్లం. 3, 4, 5 తరగతులు నావి, మొత్తం 22 మంది పిల్లలు. నిరుడు శిక్షణలో చెప్పినట్టుగా లెక్కలన్నీ ఆటలతో, వస్తువులతో చెప్పడం మొదలుపెట్టాను. బజారు ఆట ఆడించాను. చింతపిక్కలతో కూడికలు చేయించాను. పిల్లలు ఎంతో ఉత్సాహంగా ఉన్నారు. కానీ పలక పట్టుకునేసరికి మళ్ళీ మొదటికే వస్తున్నారు. నాలుగో తరగతిలో ఒక బాబు ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు కొబ్బరి దింపు పనికి వెళతారు. వెయ్యి కాయలు 12 వేల రూపాయలయితే 250 కాయలు ఎంత అని అడిగితే మూడు వేలని ఠక్కున చెబుతాడు. అదే బాబు 52లోంచి 27 తీసివేయమంటే 35 అని రాస్తాడు. తల్లిదండ్రులేమో “బడిలో ఆటలేనా, ఎక్కాలు చెప్పరా?” అని అడుగుతున్నారు. ఈ ఆటలన్నీ మానేసి ఎక్కాలు, పుస్తకంలోని అభ్యాసాలతోనే నడిపించమంటారా?
— ఒక ఉపాధ్యాయురాలు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా

సమాధానం:

అమ్మా,

మానవద్దు. అలాగని ఇప్పుడు చేస్తున్న తీరులోనే కొనసాగించనూ వద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు పిల్లల్ని పంటు పడవ ఎక్కించి, గోదావరి మధ్యదాకా తీసుకువెళ్ళి, అక్కడ ఆపేశారని నాకు అనిపించింది. ఈ ఒడ్డున చింతపిక్కలు, బజారు ఆట ఉన్నాయి. ఆ ఒడ్డున పలక, అంకెలు, గుర్తులు ఉన్నాయి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే దాటుకుంటారని మనం అనుకుంటాం. దాటలేరు. దాటించడమే మన పని.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఒక ఊళ్ళో మూడో తరగతికి కొబ్బరి చీపురు పుల్లలు కట్టలు కట్టించి, నెల రోజులు తీసివేతలు చేయించాను. పుల్లలతో అందరూ తప్పు లేకుండా చేశారు. నెలాఖరున బోర్డు మీద పది లెక్కలు రాస్తే ఒక పాప లేచి నిలబడి అడిగింది: “మాస్టారూ, ఇవి పుల్లల లెక్కలా, పలక లెక్కలా?” పుల్లల లెక్క అయితే కట్ట విప్పాలి. పలక లెక్క అయితే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసివేయాలి. ఆ పాపకు అర్థమైంది అది. తప్పు తనది కాదు. పొద్దున పుల్లలు, మధ్యాహ్నం పలక అని నేనే విడదీశాను. రెండింటినీ ఒక్కచోట, ఒక్క నిమిషంలో, ఒక్కసారి కూడా కలిపి చూపించలేదు.

మీ కొబ్బరి బాబు లాంటి పిల్లలు ప్రపంచమంతటా ఉన్నారు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద చేసిన ఒక పరిశీలన 1985లో అచ్చయింది. అందులో ఒక పిల్లవాడు అమ్మేది కొబ్బరికాయలే. కాయ 35 అయితే పది కాయలు ఎంత అని కొనేవారిలా అడిగారు. మూడు కాయలు 105, మరో మూడు కలిపితే 210, ఇంకా నాలుగు కావాలి అనుకుంటూ 315 దాటి 350 దగ్గరికి వచ్చాడు. పది రెట్లు కావాలంటే పక్కన సున్నా పెట్టాలన్న బడి సూత్రం అతడి దారిలో ఎక్కడా లేదు. ఆ పిల్లలు బేరాల మధ్య నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను వట్టి అంకెలుగా కాగితం మీద పెడితే నూటికి 37 మాత్రమే సరిగ్గా వచ్చాయి. మన దేశంలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించిన మరో అధ్యయనం 2025లో వచ్చింది. అక్కడా బజారు పిల్లలు బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. బడిలో బాగా చేసే పిల్లలు బజారు లెక్కల దగ్గర ఆగిపోయారు. ఈ రెండో సంగతి తల్లిదండ్రులకు తప్పక చెప్పండి. వట్టి అభ్యాసాలతో నడిపినా పిల్లలు సగం దారిలోనే ఉంటారు.

ఇక 52లోంచి 27 సంగతి. ఆ బాబు ఒకట్ల స్థానంలో 7లోంచి 2 తీసి 5 వేశాడు, పదుల స్థానంలో 5లోంచి 2 తీసి 3 వేశాడు. అతడికి 52 అంటే యాభై రెండు వస్తువులు కాదు, పక్కపక్కనే ఉన్న రెండు అంకెలు. కాబట్టి ముందు పుల్లలు తెప్పించండి. మీ ఊళ్ళో కొబ్బరి ఈనెలకు కొదవ లేదు. పది పుల్లలకు ఒక కట్ట, పది కట్టలకు ఒక పెద్ద మోపు. దారంతోనే కట్టించండి, పిల్లల చేతే కట్టించండి. దుకాణంలో అమ్మే రంగు రంగుల గణిత పెట్టెల కన్నా ఇవి మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కట్టినవాడికే విప్పడం తెలుస్తుంది.

పిల్లలను జతలుగా కూర్చోబెట్టండి. ఒకరి చేతిలో పుల్లలు, మరొకరి చేతిలో పలక. నియమం ఒక్కటే: పుల్ల కదిలితే పలక మీద అంకె మారాలి, పుల్ల కదలకుండా అంకె మారకూడదు. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. 27 తీయాలి. ఏడు విడి పుల్లలు తీయబోతే రెండే ఉన్నాయి. “చాలవు టీచర్” అంటారు. ఆ “చాలవు” అన్న మాట కోసమే ఈ పనంతా. అక్కడ తొందరపడి మీరు చెప్పేయకండి. ఎవరో ఒకరు కట్ట విప్పుదామంటారు. విప్పగానే పలక పట్టుకున్న బిడ్డ 5 కొట్టేసి 4 వేయాలి, 2 కొట్టేసి 12 వేయాలి. అప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఇప్పుడు మొత్తం ఎన్ని పుల్లలున్నాయి? చాలామంది మళ్ళీ మొదటినుంచి లెక్కపెడతారు. పెట్టనివ్వండి. కట్ట విప్పినా 52 మారలేదని వాళ్ళ వేళ్ళతోనే తేలాలి. ఆ తరువాత 12లోంచి 7 పోతే 5, నాలుగు కట్టల్లోంచి రెండు పోతే 2. జవాబు 25. తరువాతి లెక్కకు పుల్లలూ పలకా చేతులు మారాలి.

మనం చిన్నప్పుడు దీన్ని “అప్పు తెచ్చుకోవడం” అనేవాళ్ళం. ఆ మాట వాడకండి. అప్పు తెచ్చి ఎప్పుడూ తీర్చం, ఎవరి దగ్గర తెచ్చామో చెప్పం. పిల్లలకు అది మంత్రంలా మిగిలిపోతుంది. “కట్ట విప్పడం” అనండి. 302లోంచి 147 దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట ఎంత ఉపయోగపడుతుందో మీకే తెలుస్తుంది. విడి కట్టలే లేవు, మోపు విప్పితే పది కట్టలు వస్తాయి, అందులో ఒకటి విప్పితే పది పుల్లలు వస్తాయి. నడిమి సున్నా దగ్గర పెద్దపిల్లలు కూడా తడబడేది ఈ రెండు విప్పుళ్ళనూ కళ్ళారా చూడకపోవడం వల్లే.

వారం పది రోజుల తరువాత పుల్లలు సంచిలో పెట్టి మూతి కట్టేయండి. సంచి ఎదురుగానే ఉండాలి. “ఇప్పుడు సంచిలో ఏం జరుగుతోంది?” అని అడగండి. నోటితో చెబుతారు. తరువాత పలక మీద కట్టకు నిలువు గీత, విడి పుల్లకు చుక్క పెట్టి బొమ్మ గీయమనండి. ఆ తరువాతే వట్టి అంకెలు. చేయి, నోరు, బొమ్మ, గుర్తు. ఈ నాలుగూ వరసగా రావాలి. తొందరలో మనం మొదటిదాని నుంచి నాలుగోదానికి దూకేస్తాం. ఎవరైనా తప్పు చేస్తే ఒక్క మెట్టు దిగితే చాలు, మళ్ళీ మొదటికి వెళ్ళక్కర్లేదు.

నూట ఐదును 1005 అని రాసే పిల్లలు మీ దగ్గరా ఉండే ఉంటారు. వాళ్ళు విన్నది విన్నట్టే రాస్తున్నారు: నూరు, ఆ పక్కన ఐదు. ఇందుకు పాత పెళ్ళి శుభలేఖల అట్టలు చాలు. 100 రాసిన పొడుగు అట్ట, 10 నుంచి 90 దాకా పదులకు కాస్త పొట్టి అట్టలు, 1 నుంచి 9 దాకా చిన్న ముక్కలు. నూరు అట్ట కుడి చివర మీద ఐదు ముక్క పెడితే 105 కనిపిస్తుంది. ఐదు కింద సున్నా దాక్కుందని పిల్లలే ఎత్తి చూసుకుంటారు. మన భాషలో ఇరవై ఒకటి, ముప్పై నాలుగు అని సంఖ్య పేరులోనే పదులూ ఒకట్లూ వరసగా వినిపిస్తాయి. మీ పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటాయి కదా, సంఖ్యను ముందు తెలుగులో పలికించి, అట్టలు పేర్చి, ఆ తరువాతే ఇంగ్లీషు పేరు చెప్పండి.

ఎక్కాల విషయంలో తల్లిదండ్రుల మాట కొట్టిపారేయకండి. ఎక్కాలు నోటికి రాని పిల్లవాడు భాగహారం దగ్గర ప్రతి అడుగుకూ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ అసలు లెక్క మరిచిపోతాడు. వల్లించాలి. కానీ వల్లించేది ఏమిటో ఒకసారి కంటితో చూసి ఉండాలి. మూడో ఎక్కానికి కొబ్బరికాయ కన్నా మంచి బోధనోపకరణం నాకు తెలియదు. ప్రతి కాయకూ మూడు కళ్ళే. ఏడు కాయలు వరసగా పేర్చి కళ్ళు లెక్కపెట్టమంటే మూడేడులు ఇరవై ఒకటి చేతికి అందుతుంది. మధ్యాహ్న భోజనానికి వచ్చే గుడ్ల అట్ట ఖాళీది ఒకటి అడిగి తీసుకోండి. ఒక పక్క నుంచి చూస్తే ఆరు గుంటల వరసలు ఐదు, తిప్పి చూస్తే ఐదు గుంటల వరసలు ఆరు. ఐదారులు ముప్పై, ఆరైదులు ముప్పై. అట్ట మారలేదు, చూసే వైపు మారింది. ఇది గ్రహించిన పిల్లవాడికి పదో ఎక్కం దాకా ఉన్న వంద గుణకారాల్లో నేర్చుకోవలసినవి 55 మాత్రమే. ఆ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే తేలిక నాకు ఇప్పటికీ గుర్తుంది.

ధనుర్మాసంలో అయితే ముగ్గు వదలకండి. ఐదు చుక్కలు, రెండు వైపులా సందు చుక్కలు ఒకటి వచ్చేదాకా. పెట్టిన చుక్కలన్నీ లెక్కపెడితే 25 వస్తాయి. ఏడు చుక్కల ముగ్గుకు 49. ఐదైదులు, ఏడేడులు ఎలా వచ్చాయని వాళ్ళే ఆశ్చర్యపోతారు. ముగ్గును కొంచెం పక్కకు వాలి చూడమనండి, ఐదు వరసల్లో ఐదేసి చుక్కలు కనిపిస్తాయి. అమ్మలూ అమ్మమ్మలూ రోజూ వాకిట్లో వేసేది ఇదేనని తెలిసిన పిల్లలకు లెక్కలంటే ఎక్కడి నుంచో వచ్చినవన్న బెరుకు తగ్గుతుంది.

కొలతలకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీ మూరతో, ఒక చిన్న పాప మూరతో ఒకే పూలదండ కొలిపించి, రెండు జవాబులు ఎందుకు వచ్చాయని అడగండి. మీటరు కర్ర ఎందుకు పుట్టిందో వాళ్ళే చెబుతారు.

భిన్నాల దగ్గర మాత్రం నిదానించండి. బడిలో కొబ్బరికాయ కొట్టినప్పుడు రెండు చెక్కలు వస్తాయి కదా. ఇవి రెండు సగాలేనా అని అడగండి. అవునంటారు. రెండింటిలోనూ అంచుదాకా నీళ్ళు పోసి, ఒకే గ్లాసుతో కొలిపించండి. దాదాపు ఎప్పుడూ సమానంగా రావు. సగం అంటే రెండు ముక్కలని కాదు, రెండు సమాన భాగాలని అప్పుడు నాటుకుంటుంది. ఆ తరువాత మినపరొట్టె. నలుగురికి కోస్తే ఒక్కొక్కరికి పావు, ఎనిమిది మందికి కోస్తే అరపావు. ఎనిమిది నాలుగు కన్నా పెద్దది కాబట్టి ఎనిమిదో వంతే పెద్దదనుకునే పిల్లలు, తమ ముక్క చూసుకుని ఆ మాట మళ్ళీ అనరు. రొట్టెను ముందు కాగితం మీద గీసి, గీతలు పెట్టి, ఆ తరువాతే కోయండి. తినే వస్తువు ముందు పెట్టుకుని ఎక్కువసేపు లెక్క నడపకూడదు, పిల్లల మనసు దాని రుచి మీదకు పోతుంది.

ఇంట్లో పాత కొలపాత్రలుంటే తెమ్మనండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం పోసి కొలుచుకుంటే సోల అంటే పావు మానిక అని, గిద్ద అంటే మానికలో పదహారో వంతని కంటికి కనిపిస్తుంది. 1/16 అన్న గుర్తును ఆ గిద్ద మీద సుద్దముక్కతో అప్పుడే రాయించండి. ఇక్కడే మీ కొబ్బరి బాబును పిలవండి. వెయ్యిలో 250 పావు అని అతడికి ఏనాడో తెలుసు. లేకపోతే మూడు వేలు అంత వేగంగా చెప్పలేడు. వెయ్యి కాయల్లో పావు 250 కాయలు, వెయ్యి గ్రాముల్లో పావు 250 గ్రాములు, 12 వేలలో పావు మూడు వేలు. ఈ మూడింటినీ వరసగా రాసి, పక్కన 1/4 రాయండి. బడిలో ఇన్నాళ్ళూ వెనకబడ్డాడనుకున్న పిల్లవాడు ఆ రోజు తరగతికి పాఠం చెబుతాడు.

మధ్యాహ్న భోజనం రోజూ జరిగే లెక్క. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం. మీ 22 మందికి రెండు కిలోల 200 గ్రాములు. ముగ్గురు రాకపోతే? హాజరు పిలిచిన వెంటనే రోజుకొక బిడ్డ ఈ లెక్క బోర్డు మీద వేసి, వంట చేసే అమ్మకు చెప్పి రావాలి. ఆ పథకానికి పేరు పెట్టుకున్న డొక్కా సీతమ్మ గారు మీ లంకల గన్నవరం ఇల్లాలే. ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన ఆవిడ గురించి కూడా అప్పుడప్పుడు చెప్పండి.

ఐదో తరగతికి దశాంశాలు చెప్పడానికి లంక పిల్లల దగ్గర ఉన్నంత అనుభవం మరెవరి దగ్గరా లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జూలై వరదల్లో మూడోది కూడా దాటింది. మీ పిల్లల్లో కొందరికైనా ఇల్లు వదిలి వెళ్ళిన జ్ఞాపకం ఉంటుంది, అందుకే సున్నితంగా మొదలుపెట్టండి. ఆ అడుగులు ఆనకట్ట దగ్గర కొలిచేవి, మన వాకిట్లో నీటి లోతు కాదని ముందే చెప్పండి. తరువాత అడగండి: 11.75 ఎక్కువా, 11.8 ఎక్కువా? తరగతిలో సగం మంది 75 పెద్దది కాబట్టి 11.75 అంటారు. 11.75 అంటే 11 అడుగుల 75 అంగుళాలని కూడా కొందరంటారు.

అప్పుడు టేపు తీయండి. అడుగుకు 12 అంగుళాలు. 0.75 అంటే ముప్పావు. 12లో ముప్పావు 9. కాబట్టి మొదటి హెచ్చరిక 11 అడుగుల 9 అంగుళాల దగ్గర. 0.75 అంటే వందలో 75, 0.8 అంటే పదిలో 8, అంటే వందలో 80. గోడ మీద ఒక మీటరు గీత గీసి, దాన్ని పది భాగాలు చేసి, 75 సెంటీమీటర్ల దగ్గర ఒక గుర్తు, 80 దగ్గర ఒక గుర్తు పెడితే ఏది పైన ఉందో వాదన లేకుండా తేలిపోతుంది. బడి వరండాలో కొబ్బరి తాడు పరిచి 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ముళ్ళు వేయించండి. మొదటి ముడికీ రెండో ముడికీ మధ్య రెండడుగులు, రెండోదానికీ మూడోదానికీ మధ్య నాలుగు. వార్తల్లో ఆ అంకెలు విన్నప్పుడు పిల్లలు ఇంట్లో పెద్దలకు వివరించగలగాలి. వాళ్ళకు ఈ చదువు వల్ల అందవలసిన మొదటి ప్రయోజనం అదని నేను నమ్ముతాను.

బజారు ఆట కూడా మళ్ళీ ఆడించండి, కానీ ధరలన్నీ పది, ఇరవై అని గుండ్రంగా పెట్టకండి. 27, 38 అని పెట్టండి. ప్రతి కొనుగోలుకూ కాగితం మీద చిట్టీ రాయాలి. చిట్టీ లేకుండా సరుకు చేతులు మారకూడదు. వారానికి ఒక్క వస్తువు చాలు. రోజుకొకటి మారిస్తే పిల్లలకు వస్తువు గుర్తుంటుంది, లెక్క గుర్తుండదు. ఒక శనివారం తల్లిదండ్రులను పిలిచి, పిల్లల చేత ముందు పుల్లలతో, వెంటనే పలక మీద అదే లెక్క చేయించి చూపించండి. ఎక్కాలూ అప్పజెప్పించండి. వీలైతే ఆ బాబు వాళ్ళ నాన్నగారిని, కాయలు లెక్కవేసేటప్పుడు ఆయన ఎలా గుంపులు చేసుకుంటారో తరగతికి చెప్పమని అడగండి.

ఇక ఆ బాబు. ఈసారి 52లోంచి 27 అని అడగకండి. “నీ దగ్గర 52 కాయలున్నాయి, 27 ఇచ్చేశావు, ఎన్ని మిగిలాయి?” అని అడగండి. 27కు మూడు కలిపితే 30, ఇంకో ఇరవై కలిపితే 50, ఇంకో రెండు, మొత్తం 25 అంటాడేమో. దుకాణంలో చిల్లర ఇచ్చేవాళ్ళు లెక్కవేసే పద్ధతి అదే, అందులో తప్పేమీ లేదు. అతడు ఎలా చెబితే అలా, అతడి మాటల్లోనే బోర్డు మీద రాయండి. దాని పక్కనే అతడు పలక మీద వేసిన 35 కూడా రాయండి. పుల్లల సంచి అతడి ముందు పెట్టి, ఈ రెండింటిలో ఏది సరైనదో, రెండోది ఎక్కడ దారి తప్పిందో చెప్పమని అడిగి, మీరు మాట్లాడకుండా కూర్చోండి. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు. అతడు ఏమన్నాడో నాకు రాయండి.